నార్మల్ అని రాసిన ట్యూబు

మా ల్యాబ్ సార్ పోయారని ఫోన్ వచ్చేసరికి నా చేతిలో ఒక ముసలాయన మోచెయ్యి ఉంది. సూది దిగింది, రక్తం ట్యూబులోకి వస్తోంది. ఫోన్ చేసింది మా పక్కనున్న అత్తరు దుకాణం భాయ్. "సార్ పొద్దుగాల నమాజుకు కాళ్లు చేతులు కడుక్కుంట పడిపోయిండమ్మా. దవాఖానకు తీస్కపోయేలోపట్నే అయిపోయింది" అన్నాడు. నేను సూది తీసి, దూది పెట్టి, "చెయ్యి మడవండి తాతా" అన్నాను. బెంచీ మీద ఇంకా ఐదుగురున్నారు, అందరూ పరగడుపున వచ్చినవాళ్లు. ఆ ఐదుగురి రక్తం తీశాకే షటర్ దించాను. "పరగడుపున వచ్చినోళ్లను నిలబెట్టొద్దు బిడ్డా, ఏమన్నగానీ" అన్నది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. చివరికి ఆయన చావుకు నన్ను ఆలస్యంగా పంపించింది కూడా ఆయనే. అక్కడే మొదలైంది నా కోపం. ఇప్పటికీ తగ్గలేదు.

ఆయన మీద నాలుగు మంచి మాటలు రాసిమ్మని బస్తీవాళ్లు అడిగారు. మంచి మాటలు కావాలంటే హుస్సేనీ ఆలంలో ఏ గల్లీలో ఎవరిని ఆపినా చెబుతారు. దేవుడిలాంటి మనిషి అంటారు, బీదాబిక్కీని ఎప్పుడూ వెనక్కి పంపలేదంటారు. అవన్నీ నిజమే. సంతాప సభలో ఆ మాటలన్నీ విన్నాను. వింటున్నకొద్దీ పళ్లు నూరుకున్నాను. పద్దెనిమిదేళ్లు ఆయన పక్కన నిలబడి పనిచేసినదాన్ని, నాకు తెలిసింది రాస్తాను. అది మంచి మాట అవునో కాదో చదివినవాళ్లు చూసుకోండి.

ఆయన డాక్టరు కాదు. బస్తీలో అందరూ డాక్టర్‌సాబ్ అనేవాళ్లు, ఆయన ప్రతిసారీ ఆపి సరిచేసేవాడు. "డాక్టర్ను గాదమ్మా, రక్తం తీసేటోన్ని." అంతకుముందు, పడుచు వయసులో, కంచన్‌బాగ్ వైపు ఒక లోహాల కర్మాగారంలో పరీక్షల గదిలో పనిచేశాడు. లోహం ముక్కలో ఏది ఎంత ఉందో తేల్చే పని. తర్వాత రక్తపరీక్షల డిప్లొమా చదివి హుస్సేనీ ఆలంలో ఒకటిన్నర గది ల్యాబ్ పెట్టాడు. కర్మాగారం వదిలేశాడు గానీ దాని అలవాటొకటి వదల్లేదు. దాని గురించే నేను చెప్పాలి.

నేను కిషన్‌బాగ్ నుంచి వచ్చి చేరినప్పుడు నాకు సర్టిఫికెట్టయితే ఉంది గానీ నరం దొరకదు. మొదటిరోజే ఒక పెద్దావిడ చేతిని నాలుగుచోట్ల పొడిచి ఏడిపించాను. ఆవిడ వెళ్లాక సార్ తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా, మస్తుగా తిట్టాడు. తిట్టి, షర్టు చెయ్యి పైకి మడిచి కుర్చీలో కూర్చున్నాడు. "ఇగ నాకు గుచ్చు. కండ్లతోని దేవులాడకు, వేలితోని చూడు." రెండు వారాలు, రోజూ పొద్దున ఆయన ఎడమ చెయ్యే నా పలక. నీలంగా కమిలిపోయేది. ఎవరైనా అడిగితే "బిడ్డ అక్షరాలు దిద్దుతున్నది" అనేవాడు. ఆ చెయ్యి నాకు ఆయన మొహం కంటే బాగా తెలుసు.

ఎవరి చెయ్యి ముట్టుకునే ముందైనా తన రెండు అరచేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఊదుకునేవాడు. ఎండాకాలమైనా సరే. "మే నెలల ఊదుడేంది సార్" అని నేను ఎగతాళి చేస్తే, "సల్లటి చెయ్యి వడితే నరం దాక్కుంటది" అనేవాడు. మరీ ఎండల్లో అది అబద్ధమని మా ఇద్దరికీ తెలుసు. నేను నవ్వుకునేదాన్ని, ఆయన ఊదుకునేవాడు.

ఇక ఆ అలవాటు సంగతి. ఏ ల్యాబ్‌లోనైనా పొద్దున్నే మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. జవాబు ముందే తెలిసిన శాంపిల్ ఒకటి పెడతాం. తెలిసిన జవాబే వస్తే మిషన్ మంచిగా ఉన్నట్టు, అప్పుడే పేషెంట్ల శాంపిల్స్ పెట్టాలి. దాన్ని కంట్రోల్ అంటాం. అది కంపెనీలు అమ్ముతాయి. మా సార్ మాత్రం కొనేవాడు కాదు. లోహాల కర్మాగారంలో ఒక స్టాండర్డ్ ముక్క ఉండేదట, ఏళ్ల తరబడి పొద్దున్నే మొదట దాన్నే పరీక్షించేవాళ్లట. అదే పద్ధతి ఇక్కడా పెట్టాడు. స్టాండర్డ్ ముక్క ఎవరయ్యా అంటే ఆయనే. "నాకు షుగర్ లేదు, బీపీ లేదు, బీడీ లేదు. నాకంటే మంచి నార్మల్ ఈ గల్లీల యాడ దొరుకుతది" అనేవాడు. నెలకోసారి నేను ఆయన రక్తం తీసేదాన్ని. రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం వేరుచేసి చిన్న చిన్న ట్యూబుల్లో పోసి, తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి ఇచ్చేదాన్ని. వాటి మీద ఆయనే నీలం పెన్నుతో 'నార్మల్' అని రాసి ఫ్రీజర్లో పెట్టేవాడు. రోజుకొకటి బయటికి తీసేవాళ్లం.

చదువుకున్న టెక్నీషియన్లు నవ్వుతారని తెలుసు. నవ్వండి. కానీ చిన్న ల్యాబుల్లో మాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పద్ధతితో మేము చక్కెర, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ అన్నీ ఏళ్ల తరబడి సరిగ్గానే ఇచ్చాం.

రెండేళ్ల క్రితం ఒక కొత్త పరీక్ష మొదలుపెట్టాం. ఒంట్లో ఎక్కడైనా వాపు, మంట ఉంటే కాలేయం ఒక ప్రోటీన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. దాన్ని సీఆర్పీ అంటారు. జ్వరాలకీ, పుండ్లకీ మేము ఎప్పటి నుంచో చేసేదే. ఇది మాత్రం మరీ సన్నగా కొలిచే రకం. రక్తనాళాల గోడల్లో చప్పుడు లేకుండా రగిలే మంట జాడ కూడా ఇందులో తెలుస్తుంది. కొలెస్ట్రాల్ మంచిగా ఉన్నవాళ్లకి కూడా గుండెపోటు ఎందుకొస్తోందని అడిగేవాళ్లకు ఇది కొంత జవాబు. ఒకటి లోపల ఉంటే ఫికర్ లేదు, మూడు దాటితే గుండె డాక్టరుకు చూపించుకోవాలి. జలుబు చేసినా, పన్ను నొప్పి ఉన్నా కూడా పెరుగుతుంది కాబట్టి రెండు వారాలాగి మళ్లీ చెయ్యాలి.

ఇదంతా పేషెంట్లకు ఆయన చెప్పే పద్ధతి వేరు. "ఇది పొగ. యాడనో మండుతున్నదని చెప్తది. ఎవరింట్ల మండుతున్నదో చెప్పదు. చెప్తలేదని ఊకుంటవా? పోయి చూసుకోవాలె గదా!" ఈ మాట ఎన్ని వందలసార్లు విన్నానో నాకే తెలియదు.

కొత్త కిట్ వచ్చిన రోజు, అలవాటు ప్రకారం, మొదట మా 'నార్మల్' ట్యూబు పెట్టాం. మూడు పాయింట్ తొమ్మిది వచ్చింది. ఆయన మిషన్ వైపు చూసి, "కిట్ ఖరాబుంది" అన్నాడు.

డీలర్ని పిలిపించి లొల్లి పెట్టుకున్నాడు. అతను ఇంకో కిట్ తెచ్చాడు. మళ్లీ నాలుగు దగ్గరే. డీలర్ కంపెనీ కంట్రోల్ తెచ్చి పెట్టి చూపించాడు, అది ఎంత రావాలో అంతే వచ్చింది. "సార్, కిట్ మంచిగనే ఉన్నది. మీ సీరంలనే ఏదో ఉన్నది" అన్నాడు పాపం. సార్‌కు పౌరుషం వచ్చింది. "నీ కంపెనీ నీళ్లు నీ కంపెనీ చెప్పినట్టే చెప్తయి" అన్నాడు. నేను నా రక్తం తీసుకుని పెట్టాను. సున్నా పాయింట్ ఆరు. "నువ్వు పడుచుదానివి, నీది లెక్కల వట్టద్దు."

తర్వాత ఆయన చేసిన పని ఒక ల్యాబ్ మనిషి మాత్రమే చేయగలడు. బయటివాళ్లకు ఆ బుద్ధి పుట్టనే పుట్టదు. ఇంట్లో చేసుకున్న కంట్రోల్‌కు ఏ అంకె వస్తే దాన్నే దాని అంకెగా రాసుకోవచ్చని పద్ధతి ఉంది. అది తప్పు కాదు. మిషన్ నిలకడగా ఉందో లేదో చూడడమే దాని పని. సార్ గ్రాఫు కాగితం మీద నాలుగు దగ్గర ఎర్ర గీత గీశాడు. రోజూ చుక్క ఆ గీత దగ్గర పడితే చాలు. మరుసటి రోజు నుంచి పొద్దున్నే ట్యూబు పెట్టడం, నాలుగు రావడం, రిజిస్టర్లో 'నార్మల్ - ఓకే' అని రాయడం, కింద నా సంతకం. నాలుగు వచ్చిందని ఇద్దరం సంతోషపడి చాయ్ తాగేవాళ్లం. ఒకరోజు మూడు వస్తే మిషన్‌కు ఏమైందని కంగారుపడ్డాం కూడా.

నెల నెలా కొత్త రక్తం తీసినప్పుడల్లా కొత్త గీత గీయాలి. ఆ గీత కొంచెం కొంచెం పైకి జరుగుతూ పోయింది. నేను చూడలేదా? చూశాను. చూసిన రోజు బాగా గుర్తుంది.

ఆ రోజు లాడ్ బజార్ వైపు నుంచి గాజులు చేసే ఒకాయన రిపోర్టు కోసం వచ్చాడు. లక్క కొలిమి దగ్గర కూర్చుని పనిచేసే మనిషి, యాభై కూడా లేవు. కొలెస్ట్రాల్ బాగుంది. ఆ ప్రోటీన్ మాత్రం మూడు పాయింట్ ఎనిమిది. అది రెండోసారి చేసిన పరీక్ష. సార్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి అరిచినంత పని చేశాడు. "ఈద్ అయినంక పోత అంటవా? ఈద్ దాంక ఉంటవని ఎవరు చెప్పిండ్రు? రేపే పోవాలె. పోకుంటె నేనే స్కూటర్ మీద ఎక్కించుకుని తీస్కపోత." ఆయన భయపడి వెళ్లాడు. స్టెంట్ వేశారు. ఇవాళ్టికీ నిక్షేపంగా గాజులు చేస్తున్నాడు. సంతాప సభలో అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే.

ఆ మనిషి మెట్లు దిగిపోగానే నేను రిజిస్టర్ తెచ్చి సార్ ముందు పెట్టాను. ఆ పొద్దున మా కంట్రోల్ నాలుగు పాయింట్ ఆరు.

"సార్, గాయనది మూడు పాయింట్ ఎనిమిది. మన నార్మల్ నాలుగు పాయింట్ ఆరు."

"అయితే?"

"అయితే ఏంది సార్? మీకు చెప్పాల్నా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గది కంట్రోల్ బిడ్డా, మనిషి గాదు."

నాకు ఒళ్లు మండింది. ఆ ట్యూబులో ఉన్నది ఎవరి చేతిలోంచి వచ్చిందో నాకు తెలియదా? మొన్ననేగా నా చేత్తో తీశాను! గట్టిగానే అరిచాను. ఆయన చిగుళ్లు చూపించాడు, బ్రష్ చేస్తే రక్తం కారుతుందట. మోకాళ్లు చూపించాడు. "గీటికి గూడ పెరుగుతది, నీకు తెల్వదా? పొగ ఎవరింట్లదో చెప్పదు" అన్నాడు. తన మాటలో సగమే వాడుకున్నాడు చూడండి. మిగతా సగం గాజులాయనకు ఇచ్చేశాడు. "అయితే పండ్ల డాక్టర్ దగ్గరికన్న పోండ్రి" అన్నాను. "రంజాన్ పోనీ" అన్నాడు. రంజాన్ పోయింది. "మొహర్రం జనాల భీడ్ పోనీ" అన్నాడు. అదీ పోయింది.

ఒకరోజు నేను ఆ నాలుగు పాయింట్ ఆరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. మరుసటి రోజు చూస్తే దాని మీద తెల్ల సిరా పూసి ఉంది. "రిజిస్టర్ ఖరాబ్ చెయ్యకు" అన్నాడు. అప్పుడు నేనేం చేశాను? వారం రోజులు మాట్లాడడం మానేశాను, అంతే. తర్వాత పనిలో పడి మళ్లీ మాట్లాడాను. మళ్లీ పొద్దున్నే ట్యూబు, మళ్లీ ఓకే, మళ్లీ నా సంతకం. గాజులాయన్ని స్కూటర్ మీద తీసుకెళతానన్న మనిషిని రెక్క పట్టుకుని లాక్కెళ్లడానికి నాకు స్కూటర్ లేకపోతేనేం, ఆటో దొరకదా?

సంతాప సభలో ఒక డాక్టరుగారు అన్నారు: "కొలెస్ట్రాల్ నార్మల్, షుగర్ నార్మల్. ఇట్లాంటి మనిషికి గుండెపోటు వస్తుందని ఎవరు మాత్రం ఊహిస్తారు?" అందరూ తలలూపారు. లేచి ఆయన చేతిలో మైకు లాక్కుందామనిపించింది. మేము ఊహించక్కర్లేదండీ, మేము రోజూ రాసుకున్నాం అని చెప్పాలనిపించింది. ఆ ప్రోటీనే ఆయన్ని చంపిందని నేను అనను. అలా అనకూడదని నేర్పింది ఆయనే. ఆ అంకె చేయగలిగింది ఒక్కటే, మనిషిని లేపి డాక్టరు దగ్గరికి పంపించడం. గాజులాయన్ని పంపించింది. మా ఇద్దర్నీ పంపించలేకపోయింది, ఎందుకంటే ట్యూబు మీద ముందే జవాబు రాసి పెట్టుకున్నాం. లోహం ముక్క ఏళ్ల తరబడి ఒకేలా ఉంటుంది సార్, మనిషి ఉండడు. ఈ మాట మీ మొహం మీద ఎందుకు అనలేదా అని ఇప్పుడు నా మీద నాకు కోపం. అనిపించుకునే దాకా కూడా ఆగకుండా పోయినందుకు మీ మీద కోపం.

ఆయన పోయిన మూడోరోజు ఇంటికి వెళ్లినప్పుడు సార్ భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ఆమెను ఆపా అంటాను, అక్క అని. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "మీరిద్దరు దినాం రక్తమే చూస్తరు గదా బిడ్డా. ఏం తెల్వలేదా?" అని అడిగింది.

"తెల్వలే ఆపా" అన్నాను.

అన్నం తింటుంటే ఆ మాటే వినిపిస్తోంది. పనికి వెళితే అక్కడా అదే. ఆయన పాత గ్రాఫు కాగితాలన్నీ తీసి ల్యాబ్ నేల మీద వరుసగా పరిచాను. రెండేళ్ల కాగితాలు. ఎర్ర గీతలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెట్లు ఎక్కినట్టు పైకి పోయాయి. ఒక్కో కాగితం విడిగా చూస్తే ఏమీ తెలియదు. ప్రతి కాగితం కిందా నా సంతకం ఉంది.

ఫ్రీజర్లో ఇంకా మూడు ట్యూబులు మిగిలాయి. సార్ పోయిన నలభయ్యో రోజుకు ముందటి రోజు పొద్దున ఒకటి తీశాను. కరిగాక, దాని మీది ప్లాస్టరు ఊడబెరికాను. కంట్రోల్ గూట్లో కాకుండా పేషెంట్ల గూట్లో పెట్టాను. కంప్యూటర్లో కొత్త పేషెంట్ కింద ఆయన పేరు కొట్టాను. వయసు అరవై రెండు. పద్దెనిమిదేళ్లలో ఆ ల్యాబ్‌లో ఆయన పేరు మీద తయారైన మొదటి రిపోర్టు అది. ఐదు పాయింట్ ఎనిమిది. కింద మేము అందరికీ రాసేదే రాశాను: రెండు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకుని గుండె డాక్టరును కలవగలరు. కవర్లో పెట్టి రిపోర్టుల డబ్బాలో వేశాను. సాయంత్రానికి అందరివీ తీసుకెళ్లిపోయారు. ఆయన కవరు ఒక్కటే మిగిలింది. "రిపోర్టు తెల్లారేదాంక డబ్బల ఉండొద్దు, ఫోన్ చెయ్యి, రాకుంటె ఇంటికి పోయి ఇయ్యి" అనేవాడు. పాత స్కూటర్ మీద చాంద్రాయణగుట్ట దాకా కూడా పోయి ఇచ్చొచ్చేవాడు. సరే సార్ అనుకుని, రక్తం తీసే సామాన్ల బ్యాగు భుజాన వేసుకుని వాళ్లింటికి బయల్దేరాను.

ఆపా తలుపు తీసింది. కవరు చేతికిచ్చాను. ఆమె కాగితం తీసి పేరు చదువుకుని, నా మొహం చూసింది.

"ఇది ఎంతుండాలె?"

"ఒకటి లోపల ఆపా."

"ఎప్పటి సంది గిట్ల ఉన్నది?"

"రెండేండ్ల సంది. నాకు తెల్సు ఆపా. ఆ దినం అబద్ధం చెప్పిన. సార్‌కు గూడ తెల్సు."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె లోపలికి వెళ్లి ఒక పాత ఫైలు తెచ్చింది. ఇంట్లో అందరి రిపోర్టులూ ఏడాది వారీగా సార్ కుట్టి పెట్టిన ఫైలు. ఆపావి, పిల్లలవి, పోయిన అత్తగారివి కూడా ఉన్నాయి. సార్‌ది ఒక్కటి కూడా లేదు. ఆపా ఐదు పాయింట్ ఎనిమిదిని అన్నిటి మీద పెట్టి, ఫైలు మూసి, దాని మీద కాసేపు చెయ్యి ఆనించింది.

"బక్రీద్ అయినంక ప్రతి ఏడు నా రక్తం తీస్తుండె. ఈ ఏడు తియ్యలే" అంది.

కుర్చీ లాక్కుని కూర్చుని, చెయ్యి నా వైపు చాపింది. మొహం మాత్రం గోడ వైపు తిప్పుకుంది. సూదిని చూడలేకనో, నన్ను చూడలేకనో, నేను అడగలేదు. బ్యాగు తెరిచి సూది తీశాను. రబ్బరు పట్టీ కట్టాను. తర్వాత నా రెండు అరచేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నాను.